నామ మెవ్వరి సొత్తు?

పొలముగట్టుకొఱకును, ఇంటిగోడకొఱకును, నీటికాలువకొఱకును మనుష్యులు తగవులాడుట యనాదిగా నున్నదే. అవి కంటికి కనబడు వస్తువులు. ఒకరికి చేరినచో రెండవవారికి లేకపోవును. కావున తగవునకు కారణము స్పష్టము. మాట యట్టిది కాదు. ఒక మాటను వేయిమంది పలికినను అది తఱుగదు. నేను పలికినందున నీ నోట దాని ధ్వని తగ్గిపోదు. ఇట్లు తఱుగని వస్తువునకు హద్దురాళ్లు పాతి, "ఇది నాది, నీవు ముట్టరాదు" అని యొకరు మఱియొకరిని న్యాయస్థానమున కీడ్చుట ధర్మమగునా? అగునేని యెంతవఱకు? ఈ ప్రశ్నను విచారించుటకు అమెరికా, యూరపు దేశముల బీరు తయారీదారులు పేర్లనుగూర్చి తమలో తాము నడపిన వ్యాజ్యములు మిక్కిలి యుపయోగించును.

బీరునుగూర్చి వ్రాయుటచేత పానమును మెచ్చుకొనుచున్నామని చదువరులు తలపరాదు. తాగుట మంచిదా చెడ్డదా యనునది వేఱు విచారణ. దానినిగూర్చి మన గృహములలో నిశ్చయమైన యభిప్రాయములు కలవు. ఇక్కడ సీసాలోనిది మనకు ప్రసక్తము కాదు, సీసాపైనున్నది ప్రసక్తము. సీసాపై నేమి వ్రాయవచ్చును, ఏమి వ్రాయరాదు అను నియమము బీరునకును, సబ్బునకును, చంటిబిడ్డల పాలపొడికిని, జ్వరపు మందునకును ఒక్కటియే.

ఈ నియమము చట్టరూపమును దాల్చుటలో బీరునకు ప్రథమస్థానము దొరకినది. ఇంగ్లండులో 1875లో వ్యాపారచిహ్నముల నమోదు చట్టము పుట్టి, 1876 జనవరి 1న అమలులోనికి వచ్చెను. నాటి పట్టికలో మొదటి సంఖ్యగా నెక్కినది బర్టన్ పట్టణపు బాస్ వారి యెఱ్ఱ త్రికోణము. 1882లో మానే యను ఫ్రెంచి చిత్రకారుడు వ్రాసిన పానశాల చిత్రపటములో గూడ ఆ యెఱ్ఱ త్రికోణముగల సీసాలు కనబడుచున్నవి. చదువురానివాడు సైతము ఆ గుఱుతును చూచి తనకు కావలసిన సరకును పోల్చుకొనగలడు. చిహ్నముయొక్క ప్రయోజన మిదియే: అది చేసినవానికి కిరీటము కాదు, కొనువానికి చేతికఱ్ఱ.

అయితే వందయేండ్లు గడచునప్పటికి అమెరికాలో నొక విచిత్రమైన కఱవు వచ్చిపడెను. 1970ల చివర ఆ దేశమందంతటను బీరు తయారుచేయు కర్మాగారములు వందకు లోపుగనే యుండెను. 1978లో ఇంటిలో బీరు కాచుకొనుటను కేంద్రచట్టము అనుమతించెను. ఆ విద్య నేర్చినవారు చిన్నచిన్న కర్మాగారములు పెట్టిరి. వానినే క్రాఫ్టు బ్రూవరీలందురు. 2023 నాటికి వాని సంఖ్య తొమ్మిదివేలు దాటినది. ఒక్కొక్కరు ఏటేట పెక్కు రకములను చేయుదురు. ప్రతిరకమునకును పేరు కావలెను. హాప్ అను పూవు బీరునకు చేదును, పరిమళమును ఇచ్చును గనుక ఆ మాటతో చేయదగిన శ్లేషలన్నియు చేసివేసిరి. కొండలు, నదులు, మృగములు, పాపపుణ్యములు, దేవదూతలు, దయ్యములు అన్నియు సీసాల కెక్కినవి. బార్లి కొఱవడలేదు, నీరు కొఱవడలేదు, మాటలు కొఱవడినవి. తఱుగని వస్తువు తఱిగినది!

ఎందుచేత తఱిగినది? ఉచ్చారణచేత గాదు, ప్రత్యేకాధికారముచేత. ఇచ్చట మన శాస్త్రకారులు శబ్దములనుగూర్చి చేసిన విభాగమును స్మరించుట మేలు. అవయవములనుబట్టి యర్థము నిచ్చు శబ్దము యౌగికము. అవయవార్థముతో పనిలేక వాడుకచేతనే యొక వస్తువును తెలుపునది రూఢము. రెండు గుణములును కలది యోగరూఢము. బురదలో పుట్టినదెల్ల పంకజమే కావలెను. కాని ఆ మాట వినగానే మనకు తామరయే తోచును గాని కప్ప తోచదు. ఈనాటి వ్యాపారచిహ్నముల చట్టమంతయు ఈ విభాగము మీదనే నడచుచున్నదనిన నతిశయోక్తి కాదు. కేవలము గుణమును చెప్పు మాట అందఱిది. అర్థముతో సంబంధము లేకుండ క్రొత్తగా కల్పించిన మాట కల్పించినవానిది. గుణమును చెప్పు మాట యైనను, చిరకాల మొకని సరకునకే వాడబడి జనులమనస్సులో వానికే రూఢియైనచో అది పంకజమువంటిది. అట్టిదానికి రక్షణము దొరకవచ్చును. తగవులన్నియు ఈ మూడవ జాతియందే పుట్టును.

బడ్వైజర్ అను పేరునుగూర్చిన సుదీర్ఘమైన వ్యాజ్యమే ఇందుకు సాక్ష్యము. నేటి చెక్ దేశములో బుద్యెయోవిత్సె యను పట్టణము కలదు. జర్మను భాషలో దానికి బడ్వైస్ అని పేరు. అచ్చట బీరు కాచుట శతాబ్దములనాటి వృత్తి. "బడ్వైజర్" అనగా "బడ్వైస్‌ది" అని మాత్రమే యర్థము. మనము "వెంకటగిరి చీర" యనినట్లు. అమెరికాలో సెయింట్ లూయీ నగరమందలి యాన్‌హైజర్-బుష్ వారు 1876లో ఆ పేరుతో బీరును అమ్మనారంభించిరి. బడ్వైస్ పట్టణమందు ఇప్పటి బుడ్వార్ కర్మాగారము 1895లో స్థాపితమయ్యెను. ఆ పేరు వాడుటలో ముందు మేమని అమెరికావారు; పేరునందలి యూరు మాదని చెక్కులు. 1911లో నొక యొడంబడిక, 1939లో మఱియొకటి జరిగినను తగవు తెగలేదు. ఖండఖండమునందును వ్యాజ్యములు నడచినవి. యూరపులోని పెక్కు దేశములలో చెక్కులకు జయము కలిగెను. అమెరికాలో వారు తమ బీరును తమ యూరిపేరుతో అమ్మజాలక "చెక్వార్" అను క్రొత్తపేరు పెట్టుకొనవలసివచ్చెను.

ఇందులో నెవరిది న్యాయము? చెక్కులకు ఆ శబ్దము యౌగికము, అమెరికావారికి రూఢము. ఒకే మాట రెండు సమాజములలో రెండు జన్మములెత్తినది. సముద్రమునకు ఇవతలనున్నవాడు తన యూరు చెప్పుకొనుటకు వీలులేదనుట కఠినముగా తోచును. అవతల మూడుతరములుగా ఆ పేరుతో నొక సరకును ఎఱిగిన జనులకు ఆ పేరే వేఱొక సరకుపై కనబడుటయు తికమకయే. ఇంగ్లండులో మాత్రము ఈ ముడికి మఱియొక మార్గము దొరకినది. అచ్చట ఇరువురును దాదాపు ముప్పదియేండ్లు నిజాయితీతో ఒకే పేరును వాడుకొనుచుండిరి. జనులు రుచిచేతను, వెలచేతను, సీసా రూపముచేతను రెండింటిని వేఱుగా నెఱిగియుండిరి. కావున ఇరువురును ఆ పేరును వాడుకొనవచ్చునని 2011లో యూరపు న్యాయస్థానము చూపిన మార్గముననుసరించి 2012లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానము తీర్పుచెప్పెను. ఒక్క పేరుతో ఇద్దఱు బ్రదుకవచ్చునని దీనివలన తెలియుచున్నది. ఒక వీథిలో ఇద్దఱు రామయ్యలున్నచో ఊరివా రొకరిని వెళ్లగొట్టరు. పొడుగు రామయ్య, పొట్టి రామయ్య యని గుఱుతుపెట్టుకొందురు.

ఇంతమాత్రముచేత పేర్లకు హద్దులే యక్కఱలేదని చెప్పుట తొందరపాటగును. కాలిఫోర్నియాలో స్టోన్ అను క్రాఫ్టు బ్రూవరీ 1996లో వెలసినది. మిల్లర్‌కూర్స్ అను పెద్దసంస్థకు, 1989లోనే వెలసిన కీస్టోన్ అను చౌకరకపు బీరు ఉండెను. చాలకాలము ఈ రెండును ఒకదానికొకటి యడ్డురాలేదు. 2017లో పెద్దసంస్థవారు తమ డబ్బాలపై పేరును విడదీసి, "కీ" యను భాగము నొకచోటను, "స్టోన్" అను భాగమును వేఱుగా పెద్దయక్షరములతోను అచ్చువేసిరి. అంగడిలో వరుసగా పేర్చిన డబ్బాలపై "స్టోన్, స్టోన్" అనియే కనబడసాగెను. చిన్నవారు 2018లో వ్యాజ్యము వేసిరి. 2022లో జ్యూరీ 5 కోట్ల 60 లక్షల డాలర్ల నష్టపరిహారమును విధించెను. 2024 డిసెంబరులో పైకోర్టు దానిని స్థిరపఱచెను. ఇట్టి చట్టమే లేకున్నచో చిన్నవాడు ఇరువదియేండ్లు కష్టించి సంపాదించిన పేరును పెద్దవాడు అచ్చుయంత్రమును ఒకమాఱు త్రిప్పి తనదిగా చేసికొనగలిగియుండును. కనుక పేరునకు కాపుదల యుండుట పెద్దలకొఱకే యనువారు పొరబడుదురు. బలహీనునికి ధనము లేదు, ప్రకటనలు లేవు, మంచిపేరొక్కటే యాస్తి.

మందుల విషయములో ఈ కాపుదల ప్రాణములతోడి పని. మలేరియా మెదడున కెక్కినప్పుడు వాడు రెండు మందులకు ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అను పేర్లుండగా వచ్చిన క్యాడిలా వ్యాజ్యములో మన సుప్రీముకోర్టు 2001లో నొక ముఖ్యమైన మాట చెప్పెను. మందుల పేర్లలో పొరపాటు ప్రాణాపాయము కాగలదు గనుక అచ్చట మఱింత కఠినముగా పరిశీలింపవలెననియు, ఇంగ్లీషు చదువనేరని కొనుగోలుదారులు కోట్లుగానున్న దేశమున వారి దృష్టినే ప్రమాణముగా తీసికొనవలెననియు దాని తాత్పర్యము. ఇచ్చట మరల మన మొదటి సూత్రము కనబడుచున్నది: పేరు చేతికఱ్ఱ, అది గ్రుడ్డివాని చేతినుండి లాగికొనుట పాపము.

ఇక రెండవవైపు చూతము. కాపాడుట కిచ్చిన కఱ్ఱతోనే దారినిపోవువారిని కొట్టువారును కలరు. 2009లో వెర్మాంటు రాష్ట్రములో రాక్ ఆర్టు అను చిన్న బ్రూవరీవారు తమ రాష్ట్రనామముతో శ్లేషచేసి "వెర్మాన్‌స్టర్" అని యొక బీరునకు పేరిడిరి. మాన్‌స్టర్ అను ఉత్తేజపానీయము నమ్ము పెద్దసంస్థవారు ఆ పేరు మానుమని తాఖీదు పంపిరి. బీరును, ఆ పానీయమును ఒక్కటియని యెవడు భ్రమపడును? న్యాయము తమపక్షముననే యున్నను, వ్యాజ్యము నడపుటకగు ఖర్చును భరింపజాలమని చిన్నవారికి తోచినది. అంతట వెర్మాంటు జనులు కోపించి ఆ పెద్దసంస్థ సరకును బహిష్కరింపసాగిరి. కొలదిదినములలోనే రాజీ కుదిరి బీరు పేరు నిలిచినది. జనులు కోపింపకున్నచో నేమగును? తాఖీదు వచ్చిన మఱునాడే పేరు చెఱిగిపోవును. అది తప్పని యే న్యాయాధిపతియు చెప్పియుండడు. ఓడిపోవుటకును, పోరాడలేక విడుచుటకును భేదము కలదు. మొదటిదానిలో న్యాయము విచారింపబడినది. రెండవదానిలో న్యాయమునకు గుమ్మములోనికి రానే వీలులేకపోయినది.

చిన్నవారు పెరిగిన పిదప వారికిని ఈ వ్యామోహము తప్పదు. ఇండియా పేల్ ఏల్ అను నొక జాతి బీరు కలదు. కంపెనీవారి కాలమున ఇంగ్లండునుండి ఓడలలో మన దేశపు రేవులకు, ఇచ్చటి తెల్లవారికొఱకు పంపబడిన బీరువలన దాని కా పేరు వచ్చినది. దానినే సంక్షేపముగా ఐ.పి.ఏ. యందురు. 2015 జనవరిలో కాలిఫోర్నియాలోని లగూనిటాస్ అను క్రాఫ్టు బ్రూవరీవారు, సియెరా నెవాడా వారు తమ సీసాపై ఆ మూడక్షరములను తమవలెనే వ్రాసిరని వ్యాజ్యము వేసిరి. అక్షరములు కావు, అక్షరముల లిపిరూపము మాదని వారి వాదము. ఇరువురిని ఎఱిగినవారు, ఇరువురి సరకును కొనువారు ఒక్కపెట్టున నిరసించిరి. రెండుమూడు దినములలోనే వ్యాజ్యము ఉపసంహరింపబడెను. వేఱొకరి దేశము పేరును, అందఱు వాడు మూడక్షరములను ఒకడు తన పెరటిలో కట్టుకొనజూచుట యెంత విడ్డూరమో మనకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

దీనికి వ్యాపారులు చెప్పు సమాధానమును ఉపేక్షింపరాదు. "మాకు కలహమునం దిష్టము లేదు, కాని చట్టమే మమ్ము ఇట్లు చేయించుచున్నది. మేము ఊరకున్నచో మా పేరు మాది కాకుండ పోవును" అని వారందురు. ఇందులో సత్యము లేకపోలేదు. ఆస్పిరిన్ అను పేరు ఒకప్పుడు బేయర్ సంస్థవారిది. జనులు ఆ మాటను మందు జాతికే పేరుగా వాడుటచేత 1921లో అమెరికా న్యాయస్థానమొకటి సామాన్యజనుల విషయమున అది అందఱి మాట యైపోయినదని నిర్ణయించెను. సంజ్ఞావాచకము జాతివాచకమయ్యెను. మన దేశపు 1999 నాటి చట్టముకూడ, తెలిసియు అయిదేండ్లు ఊరకున్నవాడు తరువాత సాధారణముగా అడ్డుచెప్పజాలడనుచున్నది. కావున జాగరూకత యవసరమే.

కాని జాగరూకత వేఱు, క్రౌర్యము వేఱు. కావలివాడు మేలుకొని యుండవలెను గాని దారిన బోవు ప్రతివానిపై కుక్కను ఉసికొల్పనక్కఱలేదు. పేరును నిలుపుకొనుటకు వ్యాజ్యమొక్కటే మార్గము కాదు, "నీవు ఈ ప్రాంతమున, ఈ సరకునకు వాడుకొనుము, నేను ఆ ప్రాంతమున వాడుకొందును" అని వ్రాసికొన్న యొడంబడికయు ఆ హక్కును నిలుపును. అదిగాక ఆ చట్టమే రెండువైపుల చూచినది. నిజాయితీతో సమకాలమున వాడినవా రిద్దఱికిని నమోదు దొరకవచ్చుననుచున్నది. ఆధారములేని బెదరింపులు చేసినవానిపై బెదరింపబడినవాడే దావా వేయవచ్చునని 142వ ప్రకరణము చెప్పుచున్నది. బెదరింపు తనంతట తానే యొక యపకారమని చట్టము ఒప్పుకొన్నదన్నమాట. 2025 ఆగస్టులో సుప్రీముకోర్టు "బ్లెండర్స్ ప్రైడ్" వారు "లండన్ ప్రైడ్" అను విస్కీపై తాత్కాలికపు టుత్తరువు కోరగా నిరాకరించెను. ప్రైడ్, అనగా గర్వము, అందఱు వాడు మాట. పేరును మొత్తముగా చూడవలెను గాని ఒక్క ముక్కను కోసి "ఇది నాది" యనరాదని అందలి సారము. గర్వము ఒక్కరి సొత్తు కాదని న్యాయస్థానము చెప్పవలసివచ్చుట మన కాలమునకు తగిన హాస్యమే!

లాక్ అను నాంగ్లతత్త్వవేత్త 1689లో ప్రకటించిన రాజ్యతంత్ర గ్రంథమునందు సొత్తు ఎట్లు పుట్టునో చెప్పెను. ఎవ్వరిదికాని వస్తువున తన శ్రమను కలిపినవానికి అది సొత్తగును. అయితే ఇతరులకు చాలినంతయు, అంత మంచిదియు మిగిల్చినప్పుడే. ఈ షరతును తఱచుగా మఱచుచున్నారు. పేరులో శ్రమను కలిపినవానికి హక్కు కలదు, సందేహము లేదు. కాని అతడు కలిపినది శ్రమ. భాషను అతడు చేయలేదు. ఆ మాటను అతనికంటె ముందు వేలయేండ్లు తల్లులు, రైతులు, కవులు పలికి పలికి నునుపుచేసి పెట్టిరి. నిఘంటువునుండి ఎరువు తెచ్చుకొన్నవాడు నిఘంటువుపై ఋణపడియున్నాడు గాని దానికి యజమాని కాడు. చుట్టుగోడ యెత్తునప్పుడు తరువాత వచ్చువాడు నడచుటకు సందైనను విడువవలెను.

అట్లు విడిచిన యుదాహరణమును గూడ ఈ బీరు వర్తకులే చూపిరి. కొలరాడోలోని ఏవరీ వారును, కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ వారును ఒకరి సంగతి యొకరు ఎఱుగక తమతమ బీర్లకు "సాల్వేషన్" అని పేరిడిరి; మోక్షమని దాని యర్థము. మోక్షముకొఱకు న్యాయస్థానమునకు పోవుట సులభమే. వారు పోలేదు. ఇరువురును కలిసికొని, రెండు బీర్లను తగినపాళ్లలో కలిపి, 2006లో ఒక క్రొత్తరకమును తీసిరి. దానికి "కొలాబొరేషన్ నాట్ లిటిగేషన్", అనగా వ్యాజ్యము గాక సహకారము, అని పేరు పెట్టిరి. ఎవ్వరును తమ పేరును విడువలేదు, ఎవ్వరును ఓడలేదు, న్యాయవాదులకు పోవలసిన ధనము పీపాలలోనికి పోయినది. ఇది సాధువుల కథ కాదు. లాభముకొఱకు పనిచేయు వర్తకుల కథ. కనుకనే దీనికి విలువ యెక్కువ. స్నేహము వ్యాపారమునకు విరోధి కాదని దీనివలన తేలినది.

ఈ సర్వమునుండి మనము గ్రహింపదగిన ధర్మము మూడుమాటలలో చెప్పవచ్చును. పేరును పోలిన పేరు కనబడినప్పుడు, మొదట కొనువారు మోసపోవుదురా యని యడుగవలెను. నా మనస్సు నొచ్చునా యని కాదు. రెండవది, ఎదుటివాడు నా మంచిపేరును దొంగిలించుచున్నాడా, లేక అందఱి భాషలో తన మాటను తాను ఏరుకొనుచున్నాడా యని చూడవలెను. మూడవది, తాఖీదు పంపుటకుముందు మాటాడవలెను. ఏలయన బలవంతుని తాఖీదు బలహీనునికి తీర్పుతో సమానము. ఈ మూడింటిని విచారించినపిదపను మోసమే కనబడినచో వ్యాజ్యము తప్పు కాదు, అది కర్తవ్యము. స్టోన్ వారు చేసినది అట్టిదే.

చట్టము మొదటిదానిని చాలవఱకు, రెండవదానిని కొంతవఱకు విచారించును. మూడవదానిని విచారింపజాలదు; అది మనుష్యుని యంతఃకరణమునకు వదలిన పని. ధర్మము చట్టముకంటె విశాలమైనదనుటకు అర్థ మిదియే. చట్టము నీకు హక్కున్నదా యని యడుగును. ధర్మము ఆ హక్కును ఎట్లు వాడితివని యడుగును.

తుదకు పేరనగా నేమి? చేసినవాడు కొనువానికిచ్చు వాగ్దానము. "నిన్న నీవు నమ్మి కొన్నదే నేడును ఇందులో నున్నది" అని ఆ యక్షరములు చెప్పుచున్నవి. వాగ్దానమును ఇతరుడు దొంగిలించుట తప్పు, సందేహము లేదు. కాని వాగ్దానమును నిలుపుకొను పని విడిచి, దాని యక్షరములకు మాత్రము కాపలాకాయువాని పేరు పట్టికలో భద్రముగానే యుండును. జనులనోట మాత్రము ఉండదు. మంచిపేరు రిజిస్టరులో పుట్టదు. అక్కడ దాని జనన మరణములు మాత్రము వ్రాయబడును. అది పుట్టునది చేసినపనిలో, బ్రదుకునది పొరుగువానితో నడచిన నడతలో.